సత్యవేణి నిల్వ

పచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్ని ఏదో ఒక నల్ల తీగకు కలిపితే చాలు, కంప్యూటరు పవర్ సప్లై డబ్బా తనకు నిజంగానే కంప్యూటరు తగిలించారనుకుని పని మొదలుపెడుతుంది. ఈ చిన్న మోసం గవర్రాజు ఇప్పటికి వంద డబ్బాలకైనా చేసి ఉంటాడు. కాకినాడ భానుగుడి సెంటరు వెనక సందులో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. కంప్యూటరులో మిగతావన్నీ చచ్చినా ఆ డబ్బా మాత్రం చాలాసార్లు బతికే ఉంటుంది. దాన్ని బయటికి తీసి, పసుపు తీగలన్నీ ఒక కట్టగా కట్టి, పన్నెండు వోల్టులు రాబట్టి, ఆదివారాలు తాను ఎగరేసే బొమ్మ విమానాల బ్యాటరీ చార్జరుకి తగిలిస్తుంటాడు. ఇంత సులువుగా మోసపోయే యంత్రం లోకంలో మరొకటి లేదని నవ్వుతుంటాడు కూడా.

ఆ బుధవారం మధ్యాహ్నం మాత్రం నవ్వలేదు. జగన్నాయకపురంలో తమ్ముడి ఇంట్లో, తమ్ముడి మంచం పక్కన బల్ల వేసుకుని, ఎర్ర తీగకు వేలెడంత సిమెంటు రెసిస్టరు అతికిస్తున్నాడు.

"అదెందుకన్నయ్యా?" మంచం మీంచి సూరిబాబు అడిగాడు. ఆ మూడు ముక్కలకే ఆయాసం వచ్చింది.

"ఎర్ర తీగ మీద ఏదో ఒక బరువు లేకపోతే పసుపు తీగలో పన్నెండు నిలబడదురా. జారిపోద్ది. దీనికి ఉత్తినే కూర్చుని తినే పనొకటి ఇవ్వాలి. అప్పుడే బుద్ధిగా ఉంటాది."

"మా ప్రిన్సిపాల్ లాగా," అన్నాడు సూరిబాబు. అంత జబ్బులోనూ వాడి నోరు ఊరుకోదు.

సూరిబాబు ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీలో జీవరసాయనం చెబుతాడు. చెప్పేవాడు అనాలి. రెండేళ్ల కిందట కాలేజీ మెట్ల మీద సగంలో ఆగిపోవడంతో మొదలైంది. తిన్న తిండిని శక్తిగా మార్చే పని అతని ఒంట్లో కణాలు ఒక్కొక్కటిగా మానేస్తున్నాయి. డాక్టరు ఆ జబ్బుకి చాలా పొడుగాటి పేరు చెప్పాడు, మందు లేదన్న సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేల్చేశాడు. రెండు నెలలు, మహా అయితే మూడు అన్నాడు.

పూర్తిగా మంచాన పడకముందే సూరిబాబు ఒకటి కనిపెట్టాడు. తను తయారుచేసిన జిగురు పూసిన బిళ్లను మనిషి మణికట్టుకి అంటిస్తే, ఆ ఒంట్లో దాచుకున్న శక్తి ఎంతుందో సన్నటి వోల్టేజీగా తెలుస్తుంది. దానికి నిల్వ అని పేరు పెట్టుకున్నాడు. అంతకంటే వింత, రెండు ఎలుకలకు బిళ్లలు అంటించి, మధ్యలో ఒడుదుడుకుల్లేని కరెంటు నడిపితే, బలంగా ఉన్నదాని నిల్వ నీరసంగా ఉన్నదానికి పాకింది. చావడానికి సిద్ధంగా ఉన్న ఎలుక లేచి పంజరమంతా తిరిగింది. ఈ సంగతి ఏ పత్రికకీ రాసే ఓపిక అతనికి మిగల్లేదు. ఓపిక లేకపోవడమే అతని జబ్బు కదా.

మనుషుల మధ్య ఆ పని చెయ్యడానికి యంత్రం కావాలి. అది అన్నయ్య కొట్టులోనే ఉందని సూరిబాబుకి ఒకరోజు తట్టింది. బొమ్మ విమానం బ్యాటరీలో మూడో నాలుగో సెల్లులు, చిన్న చిన్న గదుల్లా, వరసగా ఉంటాయి. చార్జరు వాటి మీద కన్నేసి ఉంచి, ఏ గదిలో ఎక్కువుంటే దాన్ని కొంచెం దించి, అన్నిటినీ ఒక మట్టానికి తెస్తుంది. ఎక్కువైనదాన్ని మామూలుగా వేడి చేసి పారేస్తుంది. అలా పారేసేదాన్ని తక్కువున్న గదికి మళ్లించే చిన్న బోర్డు సూరిబాబు పడుకునే గీసిచ్చాడు, గవర్రాజు అతికించాడు. మనిషి నిల్వని బ్యాటరీ గది వోల్టులంత పెంచి చూపించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. నిండా ఉంటే నాలుగు పాయింట్ రెండు, మూడుకి దిగితే ప్రమాదం.

"డబ్బాని కంప్యూటరుందని నమ్మించాం. చార్జరుని బ్యాటరీ ఉందని నమ్మించాం," అన్నాడు గవర్రాజు స్క్రూలు బిగిస్తూ. "ఇంకెవర్ని నమ్మించాలిరా?"

"నీ మరదల్ని," అన్నాడు సూరిబాబు.

సూరిబాబు భార్య సత్యవేణిని ఎవరూ నమ్మించనక్కర్లేకపోయింది. పిఠాపురం దగ్గర పల్లెటూరి పిల్ల, పెళ్లయి ఈ ఇంటికి వచ్చి పదిహేడేళ్లు. పిల్లల్లేరు. భార్య పోయాక గవర్రాజుకి రెండు పూటలా అన్నం ఈ ఇంట్లోనే. ఈ పదిహేడేళ్లలో ఆమె బావగారి ఎదుట ఒక్కసారి కూడా కూర్చోలేదు. గవర్రాజు గుమ్మంలోకి వచ్చాడంటే చేతిలో పని వదిలి లేచి నిలబడేది. కూర్చోమ్మా అని అతనూ చెప్పి చెప్పి మానేశాడు. అది వాళ్ల పుట్టింటి పద్ధతి, దాన్నెవరూ మార్చలేరు.

అందుకే ఆ మధ్యాహ్నం ఒక చిన్న చిక్కొచ్చి పడింది. నిల్వ ఇచ్చేవాళ్లు అరగంట కదలకుండా పడుకోవాలి. బావగారి ముందు పడుకోవడమా? సత్యవేణి గుమ్మానికి అవతల, వంటింట్లో చాప వేసుకుంది. మధ్యన పాత చీర తెరగా కట్టింది. తీగ ఒక్కటే తెర కిందనుంచి ఇవతలికి వచ్చింది.

ముందు గవర్రాజు తన చేతికే బిళ్ల అంటించుకుని చూసుకున్నాడు. మూడు పాయింట్ ఏడు. షుగరు, యాభై ఆరేళ్లు, ఇంకెంతుంటుంది? అయినా మొండిగా ఇవ్వబోయి రెండో నిమిషంలోనే కళ్లు తిరిగి బల్లకి కొట్టుకున్నాడు. సూరిబాబుది మూడు పాయింట్ ఒకటి. తెర అవతలి తీగ తగిలించగానే చార్జరు అద్దం మీద నాలుగు పాయింట్ ఒకటి ఐదు వెలిగింది.

"అబ్బో!" అన్నాడు గవర్రాజు. "అమ్మాయ్, నువ్వు కొత్త బ్యాటరీవే."

"మరేనండి," తెర వెనకనుంచి నవ్వు వినిపించింది. "కానివ్వండి బావగారూ. నేను గుండ్రాయిలా ఉన్నాను, నాకేటౌద్ది?"

డబ్బాలో ఫ్యాను తిరిగింది. పావుగంటకి సూరిబాబు చేతివేళ్లకు ఎరుపు వచ్చింది. అరగంటకి లేచి కూర్చుని, "ఆకలేస్తోంది," అన్నాడు. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ఆ మాట వినపడలేదు. సత్యవేణి తెర పక్కకి లాగి, నిలబడి, మొగుణ్ని చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. గవర్రాజు బల్ల మీద తలవాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే అతను మొదట చేసిన పని సత్యవేణి నిల్వ కొలవడం. ఇచ్చాక మూడు పాయింట్ ఆరుకి దిగిన అంకె, రాత్రి తిని పడుకుని లేచేసరికి మళ్లీ నాలుగు పాయింట్ ఒకటి ఐదు. ఆ మర్నాడూ అంతే. వారం తర్వాతా అంతే.

"చూశావురా, రాత్రికి రాత్రి ఊరిపోతోంది, బావిలో నీళ్లలాగా," అన్నాడు తమ్ముడితో.

"నాకు ఒంట్లో రసాయనం తెలుసన్నయ్యా, బ్యాటరీ సంగతి తెలీదు. నువ్వు బాగుందంటే బాగున్నట్టే," అన్నాడు సూరిబాబు.

ఆ మాట గవర్రాజుకి అప్పుడు ఎంత తియ్యగా వినిపించిందో చెప్పలేం. తమ్ముడు చదువుకున్నవాడు, తను పదో తరగతి తప్పినవాడు. జీవితంలో మొదటిసారి తమ్ముడి కంటే తనకొకటి ఎక్కువ తెలుసు.

నాలుగు నెలలు గడిచాయి. డాక్టరు పెట్టిన గడువు దాటిపోయింది. సూరిబాబు మళ్లీ కాలేజీకి వెళ్తున్నాడు. మొదట ఆటోలో, తర్వాత నడిచి, ఆ తర్వాత సైకిలు మీద. సొంతంగా శక్తి తయారుచేసుకోవడం అతని ఒంటికి ఇంకా రాదు గానీ, పోసినదాన్ని దాచుకోవడం వచ్చు. రోజూ అరగంట పోస్తే రోజంతా తిరుగుతాడు. కొంత మిగులుతుంది కూడా.

రోజూ మధ్యాహ్నం తెర అవతల సత్యవేణి, తెర ఇవతల అన్నదమ్ములు. గవర్రాజు అద్దం మీద అంకెలు చూస్తాడు. తెర అవతల మొహం ఎలా ఉందో అతనికి తెలీదు. తెలుసుకోవాలనీ తోచలేదు, అది మర్యాద కాదు.

కొన్ని మార్పులు కనపడకపోలేదు. చారులో ఉప్పు మరిచిపోయేది. డాబా మీద బట్టలు ఆరెయ్యడం మానేసి వరండాలో దండెం కట్టించింది. సైకిలు తుడిచే సూరిబాబుని పిలవడానికి వీధిలోకి రాకుండా కిటికీలోంచి చేత్తో సైగ చేసేది. ఒకరోజు గవర్రాజు భోజనానికి వచ్చేసరికి వంటింటి గుమ్మం మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"రండి బావగారూ," అంది, కూర్చునే.

గవర్రాజుకి గుండె నిండిపోయింది. ఇన్నాళ్లకి ఈ పిల్ల తనని పరాయివాడిలా కాక సొంత అన్నలా చూసింది అనుకున్నాడు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. ఆ తర్వాత ఆ రెండు ముద్దలు తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒక ఆదివారం పొద్దున్న అన్నదమ్ములిద్దరూ విమానం ఎగరెయ్యడానికి బీచి దగ్గర ఖాళీ ఇసక మైదానానికి వెళ్లారు. రెండేళ్ల తర్వాత సూరిబాబు రావడం అదే మొదలు. రోజూ అక్కడికి వచ్చే డేవిడ్రాజు, హార్బరులో క్రేను నడిపి రిటైరైన పెద్దాయన, అతన్ని చూసి కావలించుకున్నాడు. గవర్రాజు హడావిడిలో కొత్త బ్యాటరీ ఇంట్లో మరిచిపోయి, సంచిలో అడుగున ఉన్న పాతదాన్ని తీశాడు. మీటరు పెట్టి చూస్తే నిండుగా ఉంది. బిగించి వదిలాడు.

విమానం రివ్వున లేచింది. సూరిబాబు ఈల వేశాడు. కొబ్బరిచెట్ల ఎత్తు దాటి మలుపు తిరిగిందో లేదో, మోటారు గొంతు పడిపోయి, ముక్కు కిందికి పెట్టి ఇసకలో పొడుచుకుంది.

"ఏటండి గవర్రాజు గారూ, తొలిసారి ఎగరేత్తున్నారేటి?" డేవిడ్రాజు నవ్వాడు. "పాత బ్యాటరీకి ఉత్తినే మీటరు పెడితే నిండుగానే చూపిత్తాది. దాని కడుపు ఎండిపోయి ఉంటాది. పని చెప్పి చూడాలి గానీ, పడుకోబెట్టి చూత్తే ఏం తెలుత్తాది?"

ఈ సంగతి గవర్రాజు స్వయంగా ఎంతమందికి చెప్పి ఉంటాడో లెక్కలేదు. కొట్టుకి ల్యాప్‌టాప్ తెచ్చి, వంద శాతం చూపిస్తోంది గానీ పది నిమిషాలకే ఆరిపోతోందని అడిగే ప్రతి కాలేజీ కుర్రాడికీ ఇదే చెప్పేవాడు. వాడినకొద్దీ గిన్నె చిన్నదైపోతుంది బాబూ, చిన్న గిన్నె అయినా నిండితే నిండినట్టే కనపడుతుంది, అని.

సూరిబాబు విరిగిన రెక్క ఏరుకురావడానికి ఇసకలో పరిగెత్తుతున్నాడు. పరిగెత్తుతున్న తమ్ముణ్ని చూస్తూ గవర్రాజు నిలువునా నీరైపోయాడు. ఆ కాళ్లలో బలం ఎక్కడిది? నూట ఇరవై రోజులు, పొద్దుటిపూట, విశ్రాంతిగా ఉన్న మనిషికి మీటరు పెట్టి, నిండుగా ఉందని సంబరపడ్డాడు. తమ్ముణ్ని డేవిడ్రాజుకి అప్పగించి, స్కూటరు తీశాడు.

సత్యవేణి వరండాలో కుర్చీకి జారబడి ఉంది. అతన్ని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. ఇప్పుడు ఆ కూర్చోవడం ఏమిటో అతనికి తెలిసింది.

"అమ్మాయ్, చేతికి బిళ్ల పెట్టుకో. పొడుగు తీగ వేస్తాను. డాబా మెట్లు ఎక్కాలి నువ్వు."

"ఇప్పుడాండీ?"

"ఇప్పుడే."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. బిళ్ల అంటించుకుని, గోడ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కింది. నాలుగు పాయింట్ ఒకటి ఐదు. మూడో మెట్టుకి మూడు పాయింట్ ఎనిమిది. ఐదో మెట్టుకి మూడు పాయింట్ నాలుగు. ఆరో మెట్టు మీద కాలు పెట్టగానే చార్జరు కూత పెట్టింది, మూడు. ఆమె మెట్టు మీద కూలబడి, నోరు తెరిచి గాలి పీల్చుకుంది. పెదవులు నల్లబడ్డాయి.

కూర్చున్న కాసేపటికి అంకె మళ్లీ పైకి రావడం మొదలెట్టింది. మూడున్నర, మూడు పాయింట్ తొమ్మిది, నాలుగు. అలా ఏమీ ఎరగనట్టు పైకి వస్తున్న ఆ అంకెని చూస్తుంటే గవర్రాజుకి చార్జరుని నేలకేసి కొట్టాలనిపించింది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"రెండు నెలలయ్యిందండి తెలిసి."

"మరి చెప్పొద్దామ్మా! నోరు లేదా నీకు?"

"మొదట్లో నా ఒళ్లే వేషాలేత్తందనుకున్నానండి. మీరు నంబరు చూసి బాగుందంటున్నారు కదా. నంబరు అబద్ధమాడదు కదా అనుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "తరవాత్తరవాత చెప్పబుద్ధి కాలేదు. ఆయన సైకిలు తొక్కుతున్నారు బావగారూ."

గవర్రాజు మెట్ల కింద నిలబడి రెండు చేతులూ జోడించాడు. పెద్దవాడు అలా చెయ్యకూడదని ఆమె కంగారుపడి లేవబోయింది, లేవలేకపోయింది.

"ఆయనకి మాత్రం చెప్పకండి," అంది. "నాకు మాటివ్వండి."

అతను మాటిచ్చాడు. ఇవ్వకూడని మాట అది. ఆమెని ఆపకపోతే ఆమె పోతుంది, ఆపితే తమ్ముడు పోతాడు. ఎవర్ని ఉంచుకోవాలో తేల్చుకోమంటే ఏ మనిషి తేల్చుకోగలడు?

తేల్చుకోలేకే ఇంకో మోసానికి దిగాడు. మర్నాడూ ఆ మర్నాడూ ఫ్యాను తిప్పాడు, అద్దం వెలిగించాడు, తెర అవతలి తీగని మాత్రం చార్జరుకి తగిలించలేదు. డబ్బా నమ్మింది. సూరిబాబు నమ్మలేదు.

"రెండు రోజులుగా నాకేమీ రావడం లేదన్నయ్యా," అన్నాడు మూడో రోజు. "ఏం జరిగింది?"

గవర్రాజు అంతా చెప్పేశాడు. సత్యవేణి పక్కింటావిడతో గుమ్మంలో మాట్లాడుతున్న ఆ పది నిమిషాల్లో చెప్పేశాడు. సూరిబాబు చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ఎర్రగా, నిండుగా ఉన్నాయి.

"తప్పు నాదిరా. బ్యాటరీ మనిషిని నేను. నువ్వు నన్ను నమ్మావు."

"నేను దాన్ని అడగనైనా అడగలేదన్నయ్యా. ఓసారి తెర తీసి ఎలా ఉన్నావని అడగలేదు. ఆకలేసిందని తిన్నాను," అన్నాడు సూరిబాబు. తర్వాత చార్జరు వైపు చెయ్యి చూపి, "వెనక్కి తిప్పు," అన్నాడు.

ఆ మధ్యాహ్నం రోజూలాగే చాప వేసుకుని, నిజంగానే ఇస్తున్నాననుకుని సత్యవేణి పడుకుంది. తీగలు ఇటువి అటు మారాయి. సూరిబాబు నుంచి ఆమెకి నిల్వ పాకడం మొదలైంది. నిమిషం కాలేదు, చార్జరు సంబరంగా కూసింది. నిండింది!

"నిండిందా? అప్పుడే?" సూరిబాబు మొహం వెలిగింది. "అయితే బాగుపడిందన్నమాట. అవునా అన్నయ్యా?"

గవర్రాజు తల అడ్డంగా ఊపాడు. "గిన్నె అంతే మిగిలిందిరా. అంతకంటే పట్టదు. నీ దగ్గర ఎంతున్నా, ఎంత పొయ్యాలన్నా, తీసుకునే చోటు లేదు దానికి."

ఆమె ఇచ్చింది తిరిగి ఇచ్చేద్దామనుకుంటే తీసుకోవడానికి చోటు లేకపోవడం. తమ్ముడి మొహంలో ఆ సంగతి దిగుతుంటే గవర్రాజు చూడలేక తెర వైపు తిరిగిపోయాడు.

ఆ చిన్న గిన్నె రాత్రి నిద్రలో ఒక్కసారి నిండుతుంది. ఒక పూట వంట చేస్తే చాలు, ఖాళీ. సూరిబాబు లెక్క వేశాడు. తన దగ్గర దాచుకున్నది ఉంది. తను తీసుకోవడం మానేసి, రోజుకి నాలుగుసార్లు నిమిషం నిమిషం చొప్పున ఆమెకి పోస్తే, ఆరు వారాలు ఆమె మనిషిలా తిరుగుతుంది. పొయ్యకుండా దాచుకుంటే తను మూడు నెలలు బతకొచ్చు.

"ఆరు వారాలు చాలు," అన్నాడు.

ఎనిమిదో రోజునే దొరికిపోయారు. మొగుడి చెంపలు లోపలికి పోతుండటం, తనకి మెట్లెక్కే ఓపిక రావడం చూసి సత్యవేణి ఒక మధ్యాహ్నం తెర లాగేసింది. వచ్చి చార్జరుని తనవైపు తిప్పుకుని చూసింది. తీగలు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో తెలుసుకోవడానికి ఆమెకి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

"ఇచ్చింది వెనక్కి పుచ్చుకునే మనిషినేటండీ నేను?" బావగారి ముందు ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "మిమ్మల్ని అడిగానా? అన్నదమ్ములిద్దరూ కలిసి నా నోట్లో మట్టి కొడతారా?"

"సత్తే," అన్నాడు సూరిబాబు. "నీ చేతి ఉలవచారు తినాలనుంది. దానికి నువ్వు పొయ్యి దగ్గర నిలబడాలి కదా. నేను నిలబెడితే తప్పా?"

ఆమె చాప తెచ్చి, మంచం పక్కనే, బావగారి ఎదుటే వేసుకుని పడుకుంది. ఆ పూట నుంచి తెర కట్టలేదు.

ఆ ఆరు వారాలు ఆ ఇంట్లో జరిగినవి చెప్పుకోవడానికి ఏమీ లేవు. ఒకరోజు ఉలవచారు, ఒకరోజు పనసపొట్టు కూర. ఒక సాయంత్రం ముగ్గురూ డాబా మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. సూరిబాబుని గవర్రాజు ఎత్తుకుని పైకి తీసుకెళ్లాడు, సత్యవేణి ముందు నడిచింది. పిట్టగోడ దగ్గర నిలబడి, ఓడల దీపాలు కనబడతాయేమోనని చూసింది. కనబడకపోయినా కనబడ్డాయని మొగుడితో చెప్పింది.

నలభై ఒకటో రోజున సూరిబాబు అంకె మూడుకి చేరింది. చార్జరు కూత పెట్టి తనంతట తనే ఆగిపోయింది.

"ఆ కూత తీసేయగలవు కదా నువ్వు," అన్నాడు సూరిబాబు. మాట పెదవులు దాటడం లేదు. "ఇంకో రెండు నిమిషాలు పొయ్యడానికి ఉంటుంది నా దగ్గర."

గవర్రాజు తీసెయ్యగలడు. ఒక చిన్న తీగ కత్తిరిస్తే సరిపోతుంది. జీవితంలో ఎన్ని యంత్రాలని నమ్మించలేదు! కానీ చెయ్యి రాలేదు. గోడకున్న స్విచ్చి ఆపేసి, తమ్ముడి మణికట్టు మీద బిళ్లని, చర్మానికి నొప్పి కలగకుండా మెల్లిగా ఊడదీశాడు. ఫ్యాను ఆగిపోయింది. సత్యవేణి మొగుడి తల ఒళ్లోకి తీసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం, అన్నం వేళకి, సూరిబాబు పోయాడు.

బంధువులొచ్చారు. శవం పక్కన సత్యవేణి గోడకి ఆనుకుని కూర్చుంది, కదల్లేదు, కన్ను తడవలేదు. వచ్చినవాళ్లని ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ కళ్లు మూసుకునేది. పిఠాపురం నుంచి వచ్చిన ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. పదిహేడేళ్లు కాపురం చేసింది, ఒక్క చుక్క రాల్చలేదు, ఏం గుండె అదీ, అన్నారు. గవర్రాజుకి ఆ మాట వినిపించి ఒళ్లు మండిపోయింది. ఏమని చెబుతాడు? చెయ్యవలసిన తంతులన్నిటికీ ఆమె లేవాలి, కూర్చోవాలి, నీళ్లు పోసుకోవాలి. ఉన్నది రోజుకి ఒక్క గిన్నెడు ఓపిక. ఇప్పుడు పోసేవాడు కూడా లేడు. ఆ గిన్నె అంతా అందరూ చూస్తుండగా చెయ్యాల్సిన వాటికే సరిపోయింది.

పన్నెండు రోజులూ అయ్యాయి. చివరి బంధువుని బస్సెక్కించి గవర్రాజు ఇంటికొచ్చేసరికి పొద్దున్న పదకొండు దాటింది. పొయ్యి వెలిగించలేదు. సత్యవేణి మంచం మీద, రాత్రి ఎలా పడుకుందో అలాగే ఉంది.

"ఒంట్లో బాలేదా అమ్మా?" కంగారుగా అడిగాడు.

"బానే ఉందండి. అన్నం ఇయ్యాలికి హోటలు నుంచి తెప్పించుకోండి. పొద్దున్నుంచి లేవకుండా, మాటాడకుండా దాచుకున్నాను."

"ఎందుకమ్మా?"

ఆమె సూరిబాబు పడుకునే పక్కవైపు తిరిగి, దిండు మీద చెయ్యి వేసి, పన్నెండు రోజులుగా ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. పెద్దగా, గొంతు విడిచి, ఊళ్లో ఆడవాళ్లు ఏడ్చినట్టే ఏడ్చింది. ఏవండీ అని పిలిచింది. ఒక నిమిషం, ఇంకో అర నిమిషం. అంతే. గొంతు సగంలో పడిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. చెయ్యి దిండు మీంచి జారిపోయింది. ఏడుపు ఇంకా మొహమంతా ఉంది గానీ బయటికి రావడానికి ఒంట్లో ఏమీ లేదు.

గవర్రాజు పరుగున వెళ్లి బల్ల కింది డబ్బా లాగబోయాడు. తన దగ్గరున్న ఆ కాస్తైనా పోద్దామని. ఆమె వేళ్లు కదిపి వద్దంది. అతను మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి కూడదీసుకుని, చాలాసేపటికి మాట్లాడింది.

"ఇయ్యాలికింతేనండి బావగారూ. మిగతాది రేపు ఏడుత్తాను."